బస్సెక్కని మనిషి

పోయిన శనివారం సాయంత్రం ఎదురింటివాళ్ల టీవీలో ఆ సినిమా వేశారు. పేరు చెప్పినా మీకు గుర్తుండదు. మా తిరుపతిలో తప్ప ఎక్కడా వారం దాటి ఆడని సినిమా అది. తిరుపతిలో మూడు వారాలు ఆడిందంటే దానికి కారణం సినిమా కాదు, మా నాయన. ఆ సంగతి తర్వాత చెబుతాను.

పేర్లు పడుతుండగానే నాయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. ముప్పయ్యేళ్లు హైస్కూల్లో డ్రిల్లు మాస్టరుగా చేసి, పిల్లల్ని ఎండలో వరసల్లో నిలబెట్టీ నిలబెట్టీ గొంతూ మోకాళ్లూ పోగొట్టుకున్న మనిషి. సినిమాలంటే పడదు. పాట మొదలైతే కునుకు తీస్తాడు. ఆ రోజు మాత్రం రెప్ప వెయ్యకుండా కూర్చుని, "పాపా, బస్సొచ్చేదానికి ఇంకెంత సేపుండాది?" అని అడిగాడు.

"ఈ టయానికి యాడికి సార్ ప్రయాణం?" అని ఎదురింటావిడ కంగారుపడింది.

"ఆ బస్సు కాదులే అక్కా," అన్నాను. సినిమాలో బస్సు రావడానికి ఇంకా గంట పైనే ఉంది. ఆ గంటసేపూ టీవీలో ఏం జరిగిందో నేను చూడలేదు. ఆ బస్సెక్కని మనిషే నా కళ్లముందు తిరిగాడు.

ఆయన పేరు నాకు తెలుసు గానీ రాయను. పేరు పేపర్లో పడటమంటే ఆయనకు మహా భయం. "ఒకసారి పడింది పాపా, సాలు," అనేవాడు. ఊళ్లో ఎవరికీ ఆ పేరుతో పని కూడా లేదు. అందరికీ ఆయన 'రైట్ రైట్'. బస్సు కదలడానికి కండక్టరు అరుస్తాడే, ఆ అరుపే ఆయన పేరు. ఆయన వీధి మొదట్లో కనబడితే చాలు, ఏ గోడ వెనక నుంచో "రైట్! రైట్!" అని పిల్లలు కేకలేసేవాళ్లు. ఇంకొకరైతే రాయి అందుకునేవారు. ఆయన ఠక్కున ఆగి, "హోల్డాన్!" అని తనూ కండక్టరులాగే అరిచి, కేక వేసినవాళ్లను దగ్గరికి పిలిచి, మూట విప్పి దోసెడు బొరుగులు, అదే మరమరాలు, పెట్టేవాడు. ఇట్లా పెడుతుంటే ఎవరు మానతారు చెప్పండి! మా అమ్మ అదే అడిగితే, "వాళ్లు మానితే నాకు దోవలో పొద్దు పోవద్దామ్మా?" అన్నాడు.

చంద్రగిరిలో వాళ్లకు బొరుగుల బట్టీ ఉండేది. తెల్లారేసరికి ఇసుకలో వేయించిన వేడి బొరుగులు పెద్ద గోతంలో నింపి, ఎడమ భుజాన వేసుకుని, తిరుపతిలో అంగళ్లకు తెచ్చి వేసేవాడు. మూట ఆయనకంటే పెద్దది. ఎదురొచ్చే యాత్రికులు 'అయ్యో పాపం' అనుకుంటూ పక్కకు తప్పుకునేవాళ్లు. "లోపలుండేది గాలే పాపా. వాళ్లకు సెప్పబాకు," అని నాకు కన్ను గీటేవాడు. మూట మూతిని బిగించి పట్టుకునే ఆ ఎడమచెయ్యి, మూట లేనప్పుడు కూడా భుజం దగ్గరే ఉండేది. కాఫీ తాగుతున్నా, పెళ్లి పంక్తిలో కూర్చున్నా, చివరికి ఫొటోకి నిలబడ్డా అంతే. చెయ్యి కిందికి దించమని ఫొటోగ్రాఫరు నాలుగుసార్లు బతిమాలి, ఇక తన వల్ల కాక అట్లాగే తీశాడు.

ఆయన బస్సెక్కడు. ఇది మా ఊళ్లో అందరికీ తెలిసిన సంగతి. చంద్రగిరి నుంచి తిరుపతికి నడక, తిరుపతి నుంచి చంద్రగిరికి నడక. చిత్తూరులో చెల్లెలి కూతురి పెళ్లయితే ముందురోజు తెల్లారకుండానే బయల్దేరి, పాకాలలో ఎవరింటి అరుగు మీదో నడుం వాల్చి, మర్నాడు ముహూర్తానికి దుమ్ము కాళ్లతో పందిట్లో దిగాడు. బస్సు డ్రైవర్లందరికీ ఆయన తెలుసు. వాన పడుతుంటే బస్సు పక్కన ఆపి, "ఎక్కప్పా, టికెట్టు గూడా వద్దు," అనేవాళ్లు. "నువ్వు పో అన్నా, నేనొస్తా," అని చెయ్యూపేవాడు.

"రైలన్నా ఎక్కొచ్చు గదా?" అని ఒకసారి నేనడిగాను.

"రైలెక్కితే బస్సు మీద కోపమని తెలిసిపోతాది పాపా," అన్నాడు.

ఆ కోపం మా నాయన పెట్టిందే.

అప్పుడు నాకు ఆరేడేళ్లుంటాయి. రైట్ రైట్‌కు ఇరవై రెండు. జిల్లా పోటీల్లో పెద్ద పరుగు, తిరుపతి నుంచి చంద్రగిరి కోట దాకా పోయి మళ్లీ తిరుపతికి రావాలి. గెలిచినవాడికి పోలీసు ఉద్యోగం ఇప్పిస్తానని ఒక అధికారి మాటిచ్చాడట. కొడుకు గెలవాలని వాళ్లమ్మ ముందే మొక్కు తీర్పించింది. పరుగుకు ముందురోజు ఆయన మెట్లదారిన కొండెక్కి, గుండు చేయించుకుని, తలకు గంధం పూసుకుని దిగొచ్చాడు. పోటీలో ఉన్నవాళ్లందరిలో గుండు ఆయనదొక్కటే.

దారి పొడుగునా అక్కడక్కడ మాస్టర్లను కాపలా పెట్టారు. నాయన వంతుకు తొండవాడ దగ్గర చింతచెట్టు వచ్చింది. స్టూలు వేసుకుని, మెళ్లో విజిలు వేసుకుని కూర్చున్నాడు. తిరుగుదారిలో ఎవరూ ఇంకా రాలేదు. చంద్రగిరి వైపు నుంచి ఒక బస్సొచ్చి దూరంగా మలుపు దగ్గర ఆగింది. అందులోంచి తెల్ల బనియను, గుండు ఉన్న మనిషి ఒకడు గబుక్కున దూకి పరుగెత్తాడు. బస్సు కదిలి అడ్డమొచ్చింది. అది దాటిపోయిన కాసేపటికి అదే మలుపులోంచి గుండుతో, తెల్ల బనియనుతో ఆయన పరుగెత్తుకుంటూ వచ్చాడు. వెనక కనుచూపు మేర ఇంకొకడు లేడు. నాయన రెండూ కలిపి చూసుకున్నాడు. పరుగువాళ్లంతా దాటాక సైకిలెక్కి తిరుపతి గ్రౌండుకు పోయి చెప్పేశాడు. అప్పటికే కప్పు ఆయన చేతుల్లో ఉంది. జనమంతా చూస్తుండగా ఆ చేతుల్లోంచి తీసి రెండోవాడికిచ్చారు.

"నేను బస్సెక్కలేదు సార్," అని ఆయన మూడుసార్లు చెప్పాడట. తర్వాత నాయన దగ్గరికొచ్చి, "బాగా సూసినారా సార్?" అని అడిగాడట.

"నా రెండు కండ్లతో సూసినాను," అన్నాడు నాయన.

డ్రిల్లు సారు అబద్ధం చెప్పడని ఊరంతటికీ తెలుసు. పేపర్లో పేరు పడింది. ఉద్యోగం పోయింది. పరుగు పోయింది. బొరుగుల మూట భుజానికెక్కింది.

విచిత్రమేమంటే, మా ఇంటికి బొరుగులు వేసేదీ ఆయనే. వాకిట్లో నిలబడి "నమస్తే సార్" అనేవాడు. నాయన "ఊఁ" అనేవాడు. ఆయన వెళ్లిపోయాక, "ఆ ఒక్క తప్పు సెయ్యకుంటే ఎంత మంచోడు!" అని నిట్టూర్చేవాడు. పదేళ్లు రోజూ ఇదే వరస. నాకు కాస్త బుద్ధి తెలిశాక ఒకరోజు వీధి చివరిదాకా వెంటపడి, "నిజంగా నువ్వు బస్సెక్కినావా?" అని అడిగేశాను.

ఆయన నవ్వాడు. "మీ నాయన అబద్ధం సెప్పడు పాపా. నేనూ సెప్పను. ఇద్దరమూ నిజమే సెప్పినామంటే తప్పు బస్సుదే. అందుకే దాని జోలికి పోను."

నేను కాలేజీలో ఉండగా మద్రాసు నుంచి సినిమావాళ్లొచ్చారు. లాడ్జిలో ఎవరో ఈ కథ డైరెక్టరు చెవిన వేశారు. డైరెక్టరుకు తెగ నచ్చింది. మనిషిని పిలిపించి, "నీ కథే తీస్తున్నామయ్యా," అన్నాడు. ఆ రోజు మా ఇంటికొచ్చిన ఆయన మూట దించకుండానే వాకిట్లో చెప్పుకుంటూ పోయాడు. "సినిమాలో సెప్తే లోకమంతా నమ్ముతాది పాపా. మాయమ్మకు డెబ్బై దగ్గరపడినాయి. మొక్కులో ఏదో లోపం జరిగింది, అందుకే కొడుక్కు నింద వచ్చిందని ఈపొద్దుకూ ఏడస్తాది. సినిమా సూపించినానంటే ఆ బాధ తీరిపోతాది." సినిమా కథేమిటో ఆయన అడగలేదు. తన కథే కదా, అడిగేదేముందనుకున్నాడు.

హీరోకు రెండు వీధుల దూరం పరిగెత్తితే ఆయాసం. పైగా జుట్టు తీయించుకోనన్నాడు. గుండులాగా ఏదో తొడుగు పెడితే ఎండకు చెమట పట్టి చెవుల మీదికి జారేది. దాంతో వెనక నుంచి తీసే పరుగుకంతా ఆయనే డూపు. సంతోషంగా మళ్లీ గుండు కొట్టించుకొచ్చాడు. మూడు రోజులు పరిగెత్తాడు. ముప్పై దాటిన మనిషి, మూటలు మోసిన మనిషి, ఏం పరిగెత్తాడనుకున్నారు! కెమెరా పెట్టిన కారు డ్రైవరు, "కొంచెం మెల్లగా పోప్పా," అని బతిమాలాడు.

నాయనను కూడా పిలిచారు. విజిల్ ఎప్పుడు ఊదాలి, జెండా ఎట్లా పట్టుకోవాలి చెప్పడానికి. హీరోను చూడొచ్చని నేనూ తోకలాగా వెళ్లాను. నాలుగో రోజు తొండవాడ చింతచెట్టు దగ్గరే షూటింగు. రోడ్డు మీద ఒక బస్సు తెచ్చి పెట్టారు.

"అలిసిపోయి పరుగెత్తుతూ వస్తావు, అటూ ఇటూ చూస్తావు, బస్సు ఆపి ఎక్కేస్తావు," అన్నాడు డైరెక్టరు. "నీ వీపే కనబడుతుందిలే."

ఆయన మొహంలో నవ్వు పోయింది. "హీరో బస్సెక్కతాడా సామీ?"

"ఎక్కకపోతే కథేముందయ్యా? ఎక్కుతాడు, పరువు పోతుంది, తర్వాత బుద్ధి తెచ్చుకుంటాడు."

"పరిగెత్తమంటే చిత్తూరు దాకా పరిగెత్తుతా. బస్సు మాత్రం ఎక్కను."

"ఇది సినిమా అయ్యా!"

"సినిమాలో అయినా నేను ఎక్కలేదు సామీ."

డైరెక్టరుకు చిర్రెత్తింది. నాయన వైపు తిరిగి, "మాస్టారూ, చూసింది మీరే కదా. ఎక్కాడా, లేదా?" అన్నాడు.

నాయన నేల చూపులు చూస్తూ, "సూసినాను. నా రెండు కండ్లతో సూసినాను," అన్నాడు. అదే మాట, పదేళ్ల తర్వాత. నాకు నాయన మీద ఒళ్లు మండిపోయింది. ఆ మాట ఇంకొంచెం మెల్లగా అన్నా బాగుండుననిపించింది.

ఆయనకు మాత్రం కోపం రాలేదు. నాయనను చూశాడు, బస్సును చూశాడు, చుట్టూ మూగిన జనాన్ని చూశాడు. జనంలో సగం మంది కొండ దిగొచ్చిన యాత్రికులు. షూటింగని బస్సులు దిగిపోయారు. తలల మీద గంధం ఇంకా ఆరలేదు.

"నాకొక పావుగంట ఇయ్యండి సామీ," అని డైరెక్టరుతో చెప్పి, నాయన దగ్గరికొచ్చాడు. "సార్, మీరు ఆ పొద్దు కూర్సున్న సోటే కూర్సోండి. బస్సులోంచి గుండ్లు దిగతాయి. నేనెవురో సూపించండి. అంతే."

యాత్రికుల్లో ఎనిమిది గుండ్లను ఏరాడు. అరవవాళ్లకు అరవంలో, కన్నడంవాళ్లకు సైగల్లో ఏం చెప్పాడో ఏమో, అందరూ నవ్వుకుంటూ చొక్కాలు విప్పి బనియన్లతో బస్సెక్కారు. ఆయనా బస్సు చాటుకు వెళ్లాడు. పదేళ్ల పంతం పోయింది, ఎక్కేశాడు అనుకున్నాను.

బస్సు వెళ్లి మలుపు తిరిగి వచ్చి, దూరంగా ఆగింది. ఒక్కొక్కరే దూకి పరుగు అందుకున్నారు. నాయన చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తున్నాడు. ఒకటో గుండు, రెండో గుండు. మూడో గుండు దూకగానే నాయన స్టూలు మీద నుంచి లేచి వేలు చూపించాడు. "అదో, మూడోవాడు! వాడే! ఆ పరుగు నాకు తెలవదా?"

కెమెరాలోంచి చూస్తున్న డైరెక్టరు కూడా "మూడే, మూడే" అన్నాడు.

"నేను ఈడుండా సార్."

మాట నాయన వీపు వెనక నుంచి వచ్చింది. తిరిగి చూస్తే ఆయన చింతచెట్టు మొదట్లో నిలబడి ఉన్నాడు, ఎడమచెయ్యి భుజం దగ్గర పెట్టుకుని. పొలం గట్టున చుట్టూ తిరిగొచ్చినట్టున్నాడు. "బస్సులో లేను సార్. ఆ పొద్దు గూడా లేను."

అప్పటికి మూడోవాడు రొప్పుతూ దగ్గరికొచ్చాడు. కోలారు నుంచి వచ్చిన బెల్లం వ్యాపారి. ముఖం చూస్తే ఈయనకూ ఆయనకూ పోలికే లేదు.

మా ఊరివాళ్ల సంగతి మీకు చెప్పాలి. పొద్దున లేస్తే గుండ్లే. బస్టాండులో గుండ్లు, కాఫీ హోటల్లో గుండ్లు, అంగట్లో గుండ్లు. చూసీ చూసీ మేము గుండు కింద ముఖం ఉంటుందనే మరిచిపోతాం. వేరే ఊరి మాస్టరైతే ఆ రోజు 'ఎవరీ గుండు' అని ఒక్క నిమిషం పరికించి చూసేవాడు. నాయన ఈ ఊళ్లోనే పుట్టాడు కాబట్టి చూడలేదు. ఆ రోజు బస్సు దిగి పరిగెత్తినవాడు ఎవరో ఏమో. కడుపులో తిప్పి కాలవ గట్టుకు పరిగెత్తాడేమో పాపం.

నాయన కళ్లల్లో నీళ్లు నేను చూడటం అదే మొదలు. "తప్పు సేసినానప్పా," అన్నాడు అందరి ముందరా. "గుండు సూసినాను గానీ మనిషిని సూళ్లేదు."

ఆయన సిగ్గుపడిపోయాడు. "పోనియ్యండి సార్. ముందు వాళ్లకు కాఫీ ఇప్పియ్యండి. సామి దర్శనం సేసుకోని వచ్చినోళ్లను పరిగెత్తించినాం."

డైరెక్టరు కథ మార్చలేదు. ఆ కోలారాయనకే నిక్కరు తొడిగి బస్సెక్కించి సీను తీసుకున్నాడు. పోయేముందు ఈయన నాయన చెవిలో, "మాయమ్మకు సినిమా సూపిస్తానని సెప్పినా సార్. ఇప్పుడెట్లా?" అన్నాడు. "సూపియ్యి. నేను గూడా వస్తా," అన్నాడు నాయన.

సినిమా తిరుపతికొచ్చిన మొదటిరోజు ఫస్టు షోకు వాళ్లమ్మను జట్కాలో తీసుకొచ్చాడు. తాను జట్కా పక్కన నడిచొచ్చాడు. అందరం ఒకే వరసలో కూర్చున్నాం. బస్సు సీను రానే వచ్చింది. తెర మీద గుండు బస్సెక్కుతోంది. వెనక బెంచీల నుంచి "రైట్! రైట్!" అని కేకలు. ముసలామె కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

అప్పుడు మోగింది నాయన విజిల్. స్కూలు గ్రౌండు ఈ చివర నుంచి ఆ చివరకు వినబడే విజిల్ అది, నాలుగ్గోడల మధ్య ఊదితే ఎట్లా ఉంటుందో మీరే ఊహించుకోండి. పైన మిషను దగ్గరుండే అతను హడలిపోయి బొమ్మ ఆపేశాడు. లైట్లు వెలిగాయి. హాల్లో సగం మంది నాయన శిష్యులే, చేతులు దగ్గర పెట్టుకుని నిటారుగా కూర్చున్నారు. నాయన బెంచీ మీదికెక్కి నిలబడ్డాడు.

"నేను డ్రిల్లు సారును. ఆ పొద్దు తప్పు సెప్పింది నేనే. ఈయప్ప బస్సెక్కలేదు. కప్పు ఈయప్పదే. ఇంక బొమ్మ ఎయ్యండి."

ముసలామెకు వినికిడి తక్కువ. "సారేమంటాడ్రా?" అంది.

"నేను బస్సెక్కలేదంట మా."

"అది నాకు తెల్దా?" అంది ఆమె. అని, కొంగు తీసి, ఎదురుగా తెర ఖాళీగా ఉన్నా దాన్నే చూస్తూ ఏడ్చింది.

నాయన అంతటితో ఊరుకోలేదు. రోజూ ఫస్టు షోకు పోవడం, బస్సు రాగానే విజిల్ ఊదడం, అదే మాట చెప్పడం. హాలు యజమాని మొదట పోట్లాడాడు. తర్వాత ఆ విజిల్ కోసమే జనం వస్తున్నారని తెలిసి నాయనకు టికెట్టు అక్కర్లేదన్నాడు. అట్లా ఆడింది మూడు వారాలు. కప్పు మాత్రం రాలేదు. ఆ ఉద్యోగమూ రాలేదు. దానికి నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. ఆయనకు మాత్రం మండలేదు. "కానిస్టేబులు అయ్యుంటే పిల్లకాయలు నన్ను సూసి పారిపొయ్యుందురు పాపా," అనేవాడు.

"ఇంకనన్నా బస్సెక్కప్పా," అని నాయన పోరేవాడు. "అలవాటు తప్పిపోయింది సార్. నడిస్తే ఊరంతా పలకరిస్తాది," అనేవాడాయన. ఆయనను బస్సెక్కించలేక నాయనే రోజూ ఊరి పొలిమేర దాకా ఆయనతో నడవడం మొదలుపెట్టాడు. 'రైట్ రైట్' అని పిల్లలు అరిస్తే ఇద్దరూ కలిసి 'హోల్డాన్' అనేవాళ్లు.

రెండేళ్ల కిందట ఆయన తిరుపతి ఆస్పత్రిలో పోయాడు. చంద్రగిరి తీసుకుపోవడానికి చుట్టాలు వ్యాను తెచ్చారు. నాయన దానికి అడ్డం నిలబడ్డాడు.

"ఇది బస్సు కాదు గదా సార్," అన్నారు వాళ్లు.

"నాలుగు సక్రాలుండాయి గదా," అన్నాడు నాయన.

మోసుకునే పోయారు. నాయన శిష్యులు మార్చుకుంటూ భుజం పట్టారు. నాయన ఆ మోకాళ్లతోనే తొండవాడ దాకా వెంట నడిచి, చింతచెట్టు కింద కూర్చుండిపోయాడు.

"పాపా, వచ్చినాది," అన్నాడు నాయన. తలెత్తి చూస్తే టీవీలో బస్సు ఆగి ఉంది. కోలారాయన అటూ ఇటూ చూస్తున్నాడు. నాయన చొక్కా జేబులోంచి విజిల్ తీసి నోట్లో పెట్టుకున్నాడు. ఊపిరి చాలలేదు, గాలి మాత్రం బుస్సుమంది. ఇంకోసారి ప్రయత్నించి, విజిల్ నా చేతికిచ్చాడు. "నువ్వు ఊదు."

ఊదాను. ఎదురింటి పసిబిడ్డ ఉలిక్కిపడి లేచి ఏడుపు అందుకుంది. ఆవిడ బుగ్గన చెయ్యి పెట్టుకుని మా ఇద్దరినీ చూసింది. "ఆయన బస్సెక్కలేదు అక్కా," అన్నాను. "కప్పు ఆయనదే."

తర్వాత పరుగు వచ్చింది. తారు రోడ్డు, ఎండ, గుండు, తెల్ల బనియను. వీపు మాత్రమే కనబడుతోంది. ఎడమచెయ్యి భుజం దగ్గర.

"సూడు పాపా," అన్నాడు నాయన, "అంత పరుగులో గూడా మూట దించలేదు."